డాక్టరమ్మ గదిలో బల్లని

నా పొడవు ఆరడుగులు దాటుతుంది. ఆసుపత్రుల్లో మీరు చూసే పరీక్ష బల్లల కన్నా వెడల్పెక్కువ, ఎత్తు తక్కువ. కాలితో ఒక మీట నొక్కితే మోటారు మూలిగి పైకి లేస్తాను, ఇంకోటి నొక్కితే కిందికి దిగుతాను. తల పెట్టుకునే చోట ముఖం పట్టేంత కంత ఉంది. బోర్లా పడుకున్నవాళ్లు అందులోంచి నేలని చూస్తూ మాట్లాడతారు. ఎదుటి మనిషి మొహం కనపడదు కాబట్టి దాచుకోకుండా మాట్లాడతారు. లోకం గురించి నాకు తెలిసిందంతా ఆ కంతలోంచి రాలిందే.

నేను పెరిగింది మిస్సోరి రాష్ట్రంలో, ఒక డీఓ కాలేజీ ల్యాబులో. డీఓ అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. అమెరికాలో ఎండీకి ఎన్ని హక్కులున్నాయో డీఓకీ అన్నీ ఉన్నాయి. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, గుండె డాక్టర్లవుతారు, పిల్లల డాక్టర్లవుతారు. దీనికి తోడు కండరాలనీ కీళ్లనీ చేత్తో పట్టి చూసి సర్దే విద్య ఒకటి రెండొందల గంటల దాకా నేర్చుకోవాలి. ఆ గంటలన్నీ గడిచేది మా బల్లల మీదే. ల్యాబులో వరసగా ఉండేవాళ్లం. జంటలు జంటలుగా వచ్చేవారు విద్యార్థులు. ఒకరు పడుకుంటే ఇంకొకరు వెన్నుపూసలు లెక్కపెట్టేవారు. మొదటి వారం చేతులు చల్లగా, బెరుగ్గా ఉండేవి. రెండో ఏడాది చివరికి అవే చేతులకి కళ్లొచ్చేవి. ఒక మాట మాత్రం దాచను: వాళ్లలో చాలామంది చదువు ముగించి వెళ్లాక నాలాంటి బల్ల కొననే కొనరు. ప్రాక్టీసులో తీరిక ఉండదు. నేర్చుకున్నది సర్టిఫికెట్లో ఉంటుంది, నాలాంటి బల్లలు ల్యాబులో ఉంటాయి.

ల్యాబుకి కొత్త బల్లలొచ్చినప్పుడు నన్ను అమ్మేశారు. సెయింట్ లూయిస్ శివార్లలో చిన్న క్లినిక్ నడిపే డీఓ డాక్టరమ్మ కొనుక్కుంది. అప్పట్నించీ ఈ గదే నా ఊరు.

మా వంశం సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఈ వైద్యానికి ఆద్యుడు ఆండ్రూ టేలర్ స్టిల్. ఆయనకీ ఒక ఆత్మకథ ఉంది, 1897లో అచ్చయింది. పదేళ్ల వయసులో తలనొప్పితో బాధపడుతూ, రెండు చెట్ల మధ్య నాగలి తాడు కట్టి, దాన్ని నేలకి జానెడెత్తు దాకా దించి, మీద దుప్పటి వేసి, మెడ ఆనించి పడుకున్నాడట. నిద్ర పట్టి లేచేసరికి నొప్పి లేదట. ఆ తాడునే నేను మా మూలపురుషుడిగా లెక్కేసుకుంటాను. ఆయన 1864లో మెనింజైటిస్‌కి ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్నాడు. ఆనాటి మందుల మీద నమ్మకం అక్కడే పోయింది. 1874లో కొత్త వైద్యం ప్రకటించాడు, 1892లో కర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు. ఆ మొదటి తరగతిలోనే ఆడవాళ్లకి చోటిచ్చాడు. ఎండీలు చాలా ఏళ్లు మావాళ్లని దగ్గరికి రానివ్వలేదు. 1962 ప్రాంతంలో కాలిఫోర్నియాలో ఇంకా విచిత్రం జరిగింది. అరవై అయిదు డాలర్లు కట్టిన డీఓలకి ఎండీ పట్టా ఇచ్చేశారు. రెండు వేల మందికి పైగా పుచ్చుకున్నారు. మర్నాడు కూడా అదే డాక్టరు, అదే రోగి, అవే చేతులు, బోర్డు మీద అక్షరాలు మాత్రం వేరు. ఈ కథ డాక్టరమ్మ ఎప్పుడు చెప్పినా రోగి నవ్వుతాడు, నా మీద ఒళ్లు కదులుతుంది.

ఇక అసలు సంగతి, ఆ పిల్ల.

తెలుగు పిల్ల. అక్కడే పుట్టి పెరిగింది. డిగ్రీ అయ్యాక గ్యాప్ ఇయర్ అని మా క్లినిక్‌లో స్క్రైబ్‌గా చేరింది. డాక్టరమ్మ రోగితో మాట్లాడుతుంటే పక్కన కంప్యూటర్లో రాసుకోవడం, రోగి దిగాక నా ఒళ్లు తుడిచి కొత్త కాగితం పరచడం ఆమె పని. మెడికల్ కాలేజీకి అప్లై చేసే పిల్లలకి ఇదొక మెట్టు. డీఓ కాలేజీలు చాలావరకు డీఓ డాక్టరు ఉత్తరం అడుగుతాయి, లేదంటే ఉంటే మంచిదంటాయి. ఆ ఉత్తరం కోసమే వచ్చిందని మొదట అనుకున్నాను. అందులో తప్పు కూడా లేదు.

మే నెలలో దరఖాస్తులు తెరుస్తారు. డీఓ కాలేజీలన్నిటికీ కలిపి ఆకోమాస్ అనే ఒకే దరఖాస్తు. చదివిన ప్రతి కోర్సూ ఒక్కొక్కటే ఎక్కించాలి, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష మార్కులు చేర్చాలి, నేనెందుకు డాక్టరవ్వాలని 5,300 అక్షరాల్లో చెప్పాలి. ఖాళీలతో కలిపి లెక్క. మొదటి కాలేజీకి దాదాపు రెండొందల డాలర్లు, ఆపైన ప్రతి కాలేజీకీ మరికొంత. ఒకప్పుడు తప్పిన కోర్సు మళ్లీ చదివితే పాత గ్రేడు తీసేసి కొత్తదే లెక్కేసేవారు. 2017లో ఆ వెసులుబాటు తీసేశారు. ఆ పిల్ల ఆర్గానిక్ కెమిస్ట్రీ రెండుసార్లు చదివింది, రెండూ లెక్కలోకొచ్చాయి. ఆ బాధ మధ్యాహ్నం భోజనం వేళ నా అంచున కూర్చుని ఫోనులో అక్కతో చెప్పుకునేది. అలా వినగా వినగానే నాకు తెలుగొచ్చింది.

వేసవిలో సెకండరీలొచ్చాయి. అంటే ఒక్కో కాలేజీ విడిగా పంపే ప్రశ్నలు, మళ్లీ విడిగా ఫీజు. అన్నిట్లోనూ ఒక ప్రశ్న తప్పదు: ఆస్టియోపతిక్ వైద్యమే ఎందుకు? ఆమె మొదటి చిత్తులో శరీరం, మనసు, ఆత్మ ఒక్కటేనని రాసింది. డాక్టరమ్మ చదివి కాగితం నా మీద పడేసి, "ఇది మా బ్రోషర్లో ఉన్నదే. నువ్వేం చూశావో అది రాయి" అంది. పిల్ల మొహం వాడిపోయింది. నిజానికి ఆ ప్రశ్నలో ఒక ఇరకాటం ఉంది. డీఓకి అప్లై చేసేవాళ్లలో చాలామంది ఎండీకీ చేస్తారు, కాలేజీలకీ ఆ సంగతి తెలుసు. అయినా ఒక్కరి మీదే మనసున్నట్టు రాయమంటారు. పెళ్లిచూపుల్లో కూడా అంత నటన ఉండదేమో.

ఆమె ఏం చూసిందో ఆగస్టులో తేలింది. తిరుపతి పక్కనించి వాళ్ల అవ్వ వచ్చింది, కూతురింట్లో ఆర్నెల్లుండి పోదామని. విమానంలో గంటల తరబడి కూర్చున్నందుకు నడుం పట్టేసింది. పిల్ల మా క్లినిక్‌కి తీసుకొచ్చింది. నన్ను బాగా కిందికి దించారు. అవ్వ చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ నా మీద కూర్చుని గదంతా చూసి, "ఏం పాపా, ఇది మన పుత్తూరు కట్టు మాదిరా?" అంది.

పుత్తూరు కట్టు అంటే ఏమిటో డాక్టరమ్మకి పిల్ల వచ్చీరాని మాటల్లో చెప్పింది: కోడిగుడ్డు సొన, ఆకు పసరు, వెదురు దబ్బలు పెట్టి విరిగిన ఎముకలకి కట్టు కట్టే ఊరు. డాక్టరమ్మ శ్రద్ధగా విని, "అది కాదని చెప్పు. ఎముక విరగలేదని తేలాకే మాది మొదలవుతుంది" అంది. వయసులో ఉన్నవాళ్లకైతే ఒక్క ఊపుతో కీలు టక్కుమనిపించే పద్ధతి ఉంది. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకి అది చెయ్యదు. అవ్వకి కౌంటర్‌స్ట్రెయిన్ చేసింది. నొప్పి ఎక్కువున్న చోట ఒక వేలు పెట్టి, ఆ నొప్పి బాగా తగ్గే భంగిమలోకి ఒంటిని మెల్లగా మడిచి, అలాగే తొంభై సెకన్లు పట్టి ఉంచడం. తర్వాత ఇంకా మెల్లగా యథాస్థానానికి తేవడం. లారెన్స్ జోన్స్ అనే డీఓ కనిపెట్టిన పద్ధతిది. చూసేవాళ్లకి ఏమీ జరుగుతున్నట్టే ఉండదు. అవ్వ మోకాలి కింద చెయ్యి పెట్టి పట్టుకోమని డాక్టరమ్మ పిల్లకి చెప్పింది. అవ్వ కండరం సడలడం నాకు తెలిసింది. కాసేపటికి పిల్ల చేతికీ తెలిసింది. ఆమె ఊపిరి మారింది.

నా మీద చేసేవన్నీ రుజువైన వైద్యాలేనని నేననను. నడుంనొప్పికి కొంత ఆధారముంది. పుర్రె ఎముకల కదలికలంటూ చేసే వైద్యం మీద డీఓల్లోనే తగువులున్నాయి. కానీ ఆ రోజు అవ్వ లేచి, "కొంచెం తేలికయింది లే పాపా" అనడం నేను విన్నాను. వ్యాసం మళ్లీ రాసింది పిల్ల. ఈసారి డాక్టరమ్మ కొట్టేసింది ఒక్క విశేషణమే.

తర్వాత మొదలైంది ఎదురుచూపు. సెప్టెంబరంతా ఆ పిల్ల ఫోను స్క్రబ్స్ జేబులో ఉండేది. పని చేస్తూ నాకు ఆనుకుని నిలబడేది కాబట్టి అది గుర్రుమన్నప్పుడల్లా ఆమెతో పాటు నాకూ తెలిసేది. రోగి ఎదురుగా ఉన్నప్పుడు తీసి చూడకూడదు. తొడ బిగుసుకునేది, రోగి వెళ్లేదాకా సడలేది కాదు. తీరా చూస్తే బట్టల కొట్టు సేల్. ఒకసారి "మీ దరఖాస్తు గురించి" అని కాలేజీ నుంచే వచ్చింది. గుండె ఝల్లుమంది. తెరిస్తే ఫలానా ఆన్‌లైన్ పరీక్ష రాయలేదు, ఫీజు కట్టమని. స్పామ్ ఫోల్డర్ కూడా రోజూ వెతికేది.

ఇక్కడ రోలింగ్ పద్ధతి. దరఖాస్తులు చదువుతూనే పిలుస్తారు, పిలుస్తూనే సీట్లు నింపుతారు. ఆలస్యమయ్యేకొద్దీ మిగిలేవి తగ్గుతాయి. మిగిలినవెన్నో బయటివాళ్లకి తెలియదు. అవ్వకి ఇదంతా వివరిస్తే, "తిరుమల కంపార్టుమెంటు మాదిరే. తలుపెప్పుడు తీస్తారో తెలీదు. అక్కడైతే పాలన్నా పోస్తారు" అంది. డాక్టరమ్మకి తర్జుమా చేసి చెప్తే ఆవిడ వారం రోజులు నవ్వింది.

తండ్రి కూడా ఒకసారి మెడనొప్పితో వచ్చాడు. సాఫ్ట్‌వేర్ మెడ, అలాంటివి నాకు రోజుకొకటి తగుల్తాయి. కంతలో మొహం పెట్టాక అసలు నొప్పి బయటపడింది: "మా వాళ్లడిగితే డీఓ అని చెప్పనా, డాక్టరని చెప్పనా?" డాక్టరమ్మ చెయ్యి ఆపలేదు. ట్రంపు గారు కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినప్పుడు చూసిన వైట్‌హౌస్ డాక్టరు షాన్ కాన్లీ డీఓ అనీ, బైడెన్ గారికి డాక్టరుగా ఉన్న కెవిన్ ఓకానర్ కూడా డీఓనే అనీ చెప్పింది. రెసిడెన్సీ శిక్షణకి ఎండీ, డీఓ అని రెండు దారులుండేవి, 2020కల్లా ఒక్కటయ్యాయని చెప్పింది. ఆయన మెడ రెండు పూసలు దిగింది. పూర్తిగా దిగలేదు.

అక్టోబరులో మొదటి ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. అప్పుడామె నా మీద కాగితం మారుస్తోంది. చుట్ట చేతిలోంచి జారి గోడదాకా పరుచుకుపోయింది, ఏరుకోలేదు. ఇంటర్వ్యూ జూమ్‌లో. ఇంట్లో కుక్కరు కూతలని క్లినిక్ సెలవు రోజున ఈ గదిలోనే పెట్టుకుంది. నన్ను ఉన్నంత ఎత్తు లేపి, లాప్‌టాప్ నా మీద పెట్టి, ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఒక ప్రొఫెసరు, ఒక డీఓ. మర్యాదగానే మొదలుపెట్టి చివర్లో అడిగారు: ఎండీ కాలేజీ కూడా పిలిస్తే ఎటు వెళ్తావు? ఈ ప్రశ్నకి తియ్యని జవాబొకటి డాక్టరమ్మతో కలిసి సిద్ధం చేసుకుంది. అది చెప్పలేదు. "ముందు సీటిచ్చిన వాళ్ల దగ్గరికి. నేను నేర్చుకోవాలనుకున్నది మీ దగ్గరుంది, అక్కడుందో లేదో నాకు తెలియదు" అంది. ఆ కాలేజీ ఆమెని వెయిట్‌లిస్టులో పెట్టింది. జవాబు వల్లేనా అంటే చెప్పలేను.

శీతాకాలంలో ఇంకో కాలేజీ పిలిచింది, జనవరిలో సీటిచ్చింది. సీటు నిలుపుకోవడానికి తిరిగివ్వని డిపాజిట్టు వెయ్యి డాలర్లు దాటింది. తండ్రి కట్టాడు. అవ్వ అప్పటికి ఊరికి సిద్ధమవుతూ, సూట్‌కేసు బరువెత్తకుండా ఎలా లేవాలో చూపించమని మరోసారి నా దగ్గరికొచ్చి వెళ్లింది. పిల్ల జులైలో క్లినిక్ వదిలి కాలేజీలో చేరింది. వెళ్లే రోజున ఒకసారి కాలేజీల దరఖాస్తు పోర్టళ్లన్నీ తెరిచి చూసింది. ఫీజులు తీసుకుని ఏడాది గడిచినా, కొన్నిచోట్ల ఇంకా "పరిశీలనలో ఉంది" అనే ఉంది. అవుననలేదు, కాదనలేదు. అవి ఏ కాలేజీలో చెప్పను.

నొప్పి ఎక్కడుందో చెప్పకపోతే ఎంత మంచి డాక్టరైనా ఏమీ చెయ్యలేరు. కాదన్న మాట అందకపోతే ఆ పిల్లలు వచ్చే ఏడాదికి ఏం సర్దుకోవాలో తేల్చుకోలేరు. అమెరికాలో మెడికల్ కాలేజీల అడ్మిషన్ కమిటీల్లో తెలుగు డాక్టర్లు కూడా ఉంటారు. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక విన్నపం: పిలవదలచుకోని వాళ్లకి క్రిస్మస్ సెలవుల్లోపే ఒక వాక్యం పంపించండి. సంతకం కూడా అక్కర్లేదు.