నేలచూపులు

నేను చిటికెనవేలిలో సగం పొడవుండే ఒక మరను. కొసన కోసుగా చెక్కిన ముక్కు, నడుమ సన్నటి బెజ్జం, నెత్తిన రబ్బరు టోపీ. పుస్తకాల్లో బ్లీడర్ స్క్రూ అంటారు, మెకానిక్కులు నిపుల్ అంటారు. బ్రేక్ ఆయిల్లో గాలి చేరితే బయటికి పంపడం నా పని. మిగతా రోజుల్లో నోరు మూసుకుని కూర్చోవడమూ నా పనే. 1996లో ఒక పికప్ ట్రక్కు ఎడమ ముందు చక్రానికి బ్రేకు వేసే కాలిపర్‌లో పుట్టాను. ముఖం ఆకాశం వైపు ఉండేది. ఈ మాట గుర్తుంచుకోండి, కథంతా దాని మీదే నడుస్తుంది.

మా బండి ఎన్నో చేతులు మారి, డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో కాపురముంటున్న ఒక తణుకు అబ్బాయి గ్యారేజీకి చేరింది. వారమంతా కంప్యూటరు ముందు, శని ఆదివారాలు బండి కింద. ముందు స్ప్రింగులు కుంగాయి, కొత్తవి వేసి, వెనక కమాన్ కట్టలకీ యాక్సిల్‌కీ మధ్య దిమ్మెలు పెట్టి బండిని రెండంగుళాలు లేపుదామనుకున్నాడు. బండి లేస్తే బ్రేకు గొట్టాలు బిగుసుకుపోతాయని పొడుగువి తెప్పించాడు. విప్పిన కాలిపర్ని గొట్టానికి వేలాడదీయలేదు, తీగతో కట్టాడు. అక్కడిదాకా పద్ధతైన మనిషే.

తర్వాత ఒక మాటన్నాడు: "ఎలాగూ విప్పాం కదా."

సొంత రిపేర్లు చేసుకునేవాళ్ళ కొంపలు ముంచే మాట అది. ఎలాగూ విప్పాం కదా అని రెండు కాలిపర్లనీ పూర్తిగా ఊడదీసి, రుద్ది కడిగి, డబ్బా రంగుతో ఎర్రగా కొట్టి, అట్టముక్క మీద పక్కపక్కన ఆరబెట్టాడు. సాయంత్రం చేతికందినదాన్ని అందినట్టు బిగించాడు. నేను కుడి చక్రానికి వెళ్ళాను. నా జోడీ ఎడమకొచ్చింది. రెండూ చక్కగా పట్టేశాయి, అదే మా దురదృష్టం. పట్టకపోయుంటే అప్పుడే తెలిసేది. ఎడమది కుడికి పెడితే కాలిపర్ తిరగబడుతుంది. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆకాశం చూసిన నేను నేలచూపులు చూడటం మొదలెట్టాను.

స్టార్ట్ చేసి పెడల్ మీద కాలేశాడు. నానబోసిన పిండిలో కాలేసినట్టు అడుగుదాకా దిగిపోయింది.

కారణం చిన్నదే. ద్రవాన్ని ఎంత నొక్కినా నలగదు, ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని చోట్లకీ సమానంగా పోతుంది. పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సంగతే. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకీ ద్రవంతో బ్రేకులు వేసినప్పటి నుంచి మా కులవృత్తి దాని మీదే నిలబడింది. గాలి అలా కాదు, నొక్కితే నలుగుతుంది. కాలి బలమంతా గాలి బుడగని నలపడానికే సరిపోతే, ప్యాడ్‌ని డిస్కు మీదికి నొక్కడానికి ఏం మిగులుతుంది?

గాలి చేరిందని అతనికీ తెలుసు. భార్యని పిలిచి సీట్లో కూర్చోబెట్టాడు. పెడల్ ఒత్తిడిని ఆయిల్లోకి పంపే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలు: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ.

"తొక్కు... పట్టుకో... ఆ, వదులు."

పెడల్ తొక్కి పట్టుకున్నప్పుడు నన్ను వదులు చెయ్యాలి, నన్ను బిగించాకే కాలు తియ్యాలి. ఆమె ఒక్కసారి తొందరపడి ముందే తీసింది, నేను బయటి గాలిని గుటుక్కున మింగాను. ఆమె తప్పేముంది, ఆగస్టు నెల, టెక్సస్ గ్యారేజీ, నూటయాభయ్యోసారి. "బావా, ఇది జిమ్ములో అయితే డబ్బులు తీసుకుంటారు" అంది.

నా బెజ్జంలోంచి ఆయిల్ స్వచ్ఛంగా వచ్చింది, ఒక్క బుడగ లేదు. అతన్ని వారాల తరబడి మోసం చేసింది ఇదే. చెంబు బోర్లించి నీళ్ళలో ముంచితే లోపలి గాలి ఎటు పోతుంది? పైన ఇరుక్కుని కూర్చుంటుంది. నేను కింద తలుపు తెరుస్తున్నాను, దొంగ అటక మీద ఉన్నాడు. అడుగున ఉన్న ఆయిలే వస్తోంది, పోతోంది. అరిచి చెబుదామంటే నా నోట్లోంచి వచ్చేది ఆయిలే.

గాలి లేదనుకున్నాక అనుమానం మాస్టర్ సిలిండర్ మీదికి పోయింది. అది పోతే పెడల్ తొక్కి పట్టుకున్నా మెల్లమెల్లగా కిందికి జారుతుంది. మాది రెండుమూడుసార్లు గబగబా తొక్కితే పైకి లేచేది. లక్షణమే వేరు. అయినా కొత్తది కొన్నాడు. దాన్ని బల్ల మీద బిగించి, గాలి తీసి, అప్పుడు బండికెక్కించాలి. తిన్నగా ఎక్కించేశాడు, ఉన్న గాలికి ఇంకాస్త తోడైంది. మళ్ళీ దించి ఆ పనీ చేశాడు. వెనక డ్రమ్ముల్లో లైనర్ల ఎడం సరిచేశాడు. చట్రానికీ వెనక యాక్సిల్‌కీ మధ్య బరువును బట్టి వెనక బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వ్ ఒకటుంది. బండి లేచేసరికి అది ట్రక్కు ఖాళీ అనుకుని వెనక చక్రాలకి ఒత్తిడి తగ్గిస్తుంది. దాని కడ్డీ కూడా సర్దాడు. అది చెయ్యాల్సిన పనే, మా జబ్బుకి మందు మాత్రం కాదు.

ఒక రాత్రి తణుకు నుంచి వాళ్ళ నాన్న వీడియోలోకి వచ్చాడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి.

"గాలెంతుందిరా?"

"గాలి ఉండకూడదు నాన్నా, అదే గొడవ."

"గాలి లేకపోతే బ్రేకు ఎలా పడుద్దిరా?"

ఎవరి మాటా అబద్ధం కాదు. బస్సుల్లో బ్రేకు వేసేది గాలే, ట్యాంకులో గాలి దిగిపోతే స్ప్రింగు బిగుసుకుని బండి కదలదు. ఆయనకి గాలంటే ప్రాణం, మాకు అదే పగ.

చివరికి చెయ్యాల్సిన పరీక్ష చేశాడు. రబ్బరు గొట్టాల్ని, వాటికి దెబ్బ తగలనివ్వని క్లాంపుతో ఒక్కొక్కటే నొక్కి పట్టి పెడల్ చూశాడు. వెనకది నొక్కితే తేడా లేదు. ముందు రెండూ నొక్కితే పెడల్ రాయి. అంటే దొంగ మా ఇళ్ళలోనే. సీళ్ళు పోయాయేమోనని కొత్త కాలిపర్ల ధర చూడటం మొదలెట్టాడు.

ఈలోగా ఆమె, తొక్కే పని తప్పింది కదా అని, గుడ్డ పట్టుకుని నా దగ్గర కారిన ఆయిల్ తుడుస్తోంది. బ్రేక్ ఆయిల్ రంగుని తినేస్తుంది. ఇన్ని వారాలు కారీ కారీ ఎర్రరంగు మెత్తబడి గుడ్డకి అంటుకుని వచ్చేసింది. కింద పోతలో దిగిన అక్షరం బయటపడింది.

"బావా, దీని మీద ఎల్ అని ఉందేంటి? ఇది కుడి చక్రం కదా?"

అతను ఫోను దించాడు.

"ఇంకోటి. వెనక చక్రాల దగ్గర ఈ నిపుల్ పైనుంది. ఇక్కడ కిందెందుకుంది?"

అతను సమాధానం చెప్పలేదు. నా వైపు చూశాడు. ఇన్ని వారాల్లో పానా వేసి నన్ను వదులు చెయ్యడమే గాని, ముఖం చూడటం అదే మొదలు.

గంటన్నరలో ఇద్దరం ఎవరిళ్ళకి వాళ్ళం చేరాం. గొట్టాల బోల్టులకి కొత్త రాగి వాషర్లు వేశాడు. ఆమె సీటెక్కింది. తొక్కు, పట్టుకో. నేను నోరు తెరిచీ తెరవగానే గుడగుడమంటూ వచ్చాయి బుడగలు, పారదర్శకమైన గొట్టం నిండా తెల్లటి నురగ. ఆ చప్పుడుకి ఆమె సీట్లోంచి దిగి వచ్చి చూడబోయింది.

"కాలు తియ్యకు!" అని అరిచాడు.

తియ్యలేదు. ఆరోసారికి పెడల్ సగంలోనే గట్టిగా ఆగింది.

రాత్రి మళ్ళీ తణుకు నుంచి ఫోను. ఈసారి కోడలు మాట్లాడింది.

"గాలి వచ్చిందా అమ్మా?"

"పోయింది మావయ్యా."

"అయ్యో. మరి బ్రేకు?"

"పడుతోంది."

అవతల కాసేపు చప్పుడు లేదు. "ఏం బళ్ళో" అన్నాడాయన.