నేను కోళ్ల ఎరువును

పుట్టింది వరిచేలో. మిల్లువాళ్లు బియ్యం తీసుకుని, ఊకగా మిగిలిన నన్ను లోడు లెక్కన అమ్మేశారు. షాద్‌నగర్ దగ్గర ఒక బ్రాయిలర్ షెడ్డులో నేలంతా పరిచారు. నా మీద వేల కోడిపిల్లలు దిగాయి. వాటి రెట్టలు, తడి, ఒలికిన దాణా అన్నీ నేనే పీల్చుకున్నాను. వాటి కాళ్లు పాడవకుండా చూసుకున్నాను.

మా వంశానికి పేరుంది. ఎండాకాలంలో బండ్లకొద్దీ పెంట తోలితేగానీ రైతుకు వ్యవసాయం మొదలైనట్టుండేది కాదు. పశువుల ఎరువుకన్నా నత్రజని నాలోనే ఎక్కువ. అలాంటి నేను మనుషులకు ముప్పుగా ఎలా మారానో చెబుతాను.

ఒక పొద్దున రెండు కోళ్లు మూలన ముడుచుకుని తూగుతున్నాయి. కబురందుకుని కంపెనీ సూపర్‌వైజర్ వచ్చాడు.

"రెండే కదా సార్, వేరుచేస్తే సరిపోదా?" అన్నాడు రైతు.

"ఎందుకైనా మంచిది, అన్నిటికీ తాగించెయ్యి."

ట్యాంకులో ఎన్‌రోఫ్లాక్సాసిన్ కలిపారు. ఏ జబ్బూ లేని వేల కోళ్లు కూడా అవే నీళ్లు తాగాయి. కోడి ఒంట్లో ఆ మందు కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది. మీకు ఇన్‌ఫెక్షన్ వస్తే డాక్టర్లు రాసే మందుల్లో అదొకటి. ఒంటికి పట్టగా మిగిలిందంతా రెట్టలో నా మీద పడింది.

ఈ అలవాటు పాతది. 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను వెలుగులోకి తెచ్చింది. అక్కడి పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని దాణాలో కలిపితే కోడిపిల్లలు త్వరగా ఎదుగుతాయని అక్కడి శాస్త్రవేత్తలే గమనించి 1950లో ప్రకటించారు. ప్రాణం నిలపడానికి పుట్టిన మందు అలా బరువు పెంచే దినుసైపోయింది.

నాలో కోట్ల సూక్ష్మజీవులున్నాయి. మందు కొద్దికొద్దిగా తగులుతుంటే బలహీనమైనవి చచ్చి, తట్టుకున్నవి మిగులుతాయి. తట్టుకునే జన్యువును ఇరుగమ్మ పొరుగమ్మకు చిట్కా చెప్పినంత తేలిగ్గా పక్కవాటికి అందిస్తాయి. ఇంకే మందూ పనిచేయని రోగికి చివరగా ఇచ్చేది కొలిస్టిన్. దాన్నీ తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు అలా చేతులు మారుతోందని 2015లో చైనాలో బయటపడింది. 2019లో మన దేశం ఆహారం కోసం పెంచే జీవాలకు కొలిస్టిన్‌ను నిషేధించింది.

2017లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఉత్తరాదిలో 4 రాష్ట్రాల్లోని 12 కోళ్ల ఫారాలను పరిశీలించింది. ఎరువులోని ఇ-కొలై బ్యాక్టీరియా, చుట్టుపక్కల పొలం మట్టిలోని ఇ-కొలై మందుల్ని తట్టుకోవడంలో ఒకే తీరున కనిపించాయి. పొలానికి వాటిని మోసుకెళ్లేది నేనే.

కోళ్లను ఎత్తేశాక నా అవసరం తీరిపోయింది. పారలతో గీకి, చెరువు పక్కన కుమ్మరించారు. పైన పట్టా కప్పలేదు, ఒక్కసారైనా తిరగేయలేదు. వాసనకు ముక్కు మూసుకుని పోయేవారే తప్ప నా వైపు చూసినవారు లేరు. రాత్రంతా వాన కురిసింది. నాలోని సారం, మందు, మొండి క్రిములు కలిసి ఎర్రగా చెరువులోకి దిగుతుంటే ఆపలేకపోయాను. నోరుంటే ఊరంతా వినేలా అరిచేదాన్ని. తెల్లారి కొనడానికొచ్చినవాళ్లు "ట్రాక్టరెంత?" అని మాత్రమే అడిగారు. కొత్తిమీర మడిలో నన్ను పచ్చిగానే చల్లారు. ఆ ఆకు మీరు పచ్చిగానే తింటారు.

నన్ను కుప్పపోసి, తగినంత తడిపి, తిరగేస్తూ మాగబెడితే లోపల 55 డిగ్రీలు దాటి వేడెక్కుతాను. చాలా రోగక్రిములు చస్తాయి. టెట్రాసైక్లిన్‌లాంటి మందులు చాలావరకు విరిగిపోతాయి. కానీ ఎన్‌రోఫ్లాక్సాసిన్ జాతి మందులు మొండివి. మందుల్ని తట్టుకునే జన్యువులూ పూర్తిగా పోవు. అందుకే జాగ్రత్త ట్యాంకు దగ్గరే మొదలవ్వాలి. టీకాలు వేళకు వేసి, షెడ్డులో గాలి ఆడనిచ్చి, నన్ను పొడిగా ఉంచితే జబ్బులే తగ్గుతాయి. జబ్బు వస్తే పశువైద్యుడు చూసి రాసిన మందే వాడాలి. ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006లోనే పూర్తిగా ఆపేసింది.

నన్ను కొనే రైతన్నా, ఇకమీదట ధరతోపాటు ఇంకో రెండు మాటలు అడుగు: ఈ బ్యాచ్‌కు ఏ మందులు తాగించారు? ఎన్నాళ్లు మాగబెట్టారు? నువ్వు అడిగితేనే అమ్మేవాడు లెక్క రాసిపెట్టుకుంటాడు. లెక్క రాసే చెయ్యి ట్యాంకులో మందు పోసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.