నీడ చూసి చెప్పేదాన్ని

నాకు ఒళ్లు లేదు. తాడిపత్రి దగ్గరి ఒక ల్యాబులో, ఫర్నేసు పక్కనున్న పాత కంప్యూటర్‌లో కాపురం. బూడిద ఎంత వేడికి కరుగుతుందో చూసి చెప్పడమే నా బతుకుదెరువు.

బొగ్గయినా బుడ్డల (వేరుశెనగ) పొట్టయినా బాయిలర్‌లో కాలాక మిగిలిన బూడిద కరిగి గొట్టాలకు పట్టుకుంటే పని ఆగిపోతుంది. ఆ గడ్డను క్లింకర్ అంటారు. ఇదే ఊరి చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీల్లో క్లింకర్ అంటే లక్ష్మి, 1450 డిగ్రీల దగ్గర కాల్చి మరీ చేసుకుంటారు. బాయిలర్ దగ్గర మాత్రం అది శని.

బూడిదను డెక్స్‌ట్రిన్ నీళ్లతో పిసికి, అచ్చులో వత్తి, చిన్న గోపురాలు చేస్తారు. ఎత్తు 19 మిల్లీమీటర్లు, అడుగున ఒక్కో అంచు 6.4. పలక మీద నిలబెట్టి ఫర్నేసులోకి తోశాక, నిమిషానికి 8 డిగ్రీల చొప్పున వేడి పెంచుతారు. నాకు కనిపించేది వెలుగులో నల్లటి నీడ ఒక్కటే. దాని అంచు గీసుకుంటూ, కొలుచుకుంటూ పోతాను. కొన మొద్దుబారినప్పటి వేడి మొదటి అంకె. ఎత్తూ అడుగు వెడల్పూ సమానమైతే రెండోది. ఎత్తు వెడల్పులో సగానికి దిగి, కోసిన నిమ్మచెక్క బోర్లించినట్టయితే మూడోది. నెయ్యిలా పరుచుకుంటే నాలుగోది. మన బొగ్గు బూడిదలో సిలికా, అల్యూమినా ఎక్కువ. 1400 దాటినా చాలాసార్లు ఉలకదు పలకదు.

నాకు ముందు ఈ పని ఒక పెద్దాయనది. నీలం అద్దంలోంచి ఒంటికన్నుతో చూసి నోటుబుక్కులో రాసేవాడట. ఇప్పుడు టీ తాగుతూ నా తెర చూస్తుంటాడు. నా లెక్క సరిచూడటానికి అప్పుడప్పుడూ చిన్న బంగారు తీగ పెడతారు. అది 1064 డిగ్రీలకు కరగాలి. "రామగిరి గనులు మూసినా మన కాడ బంగారం పారుతాండాది" అంటాడాయన. ప్రతిసారీ అదే జోకు.

ఒక వాన తప్పిన ఏడు పొట్టు బూడిద వచ్చింది. 900 దాటగానే గోపురం ఎత్తు తగ్గింది, మొదటి అంకె రాసేశాను. లోడు వెనక్కి పంపమని ఫోను కూడా పోయింది. పెద్దాయన బొమ్మలన్నీ వెనక్కి తిప్పి చూశాడు.

"కరగల్యాదప్పా, ఒరిగింది. కొన సూడు, సూదిలా ఉండాది."

నిజమే. అడుగు సరిగా అంటక పక్కకు వాలింది. మళ్లీ పెడితే ఇంకో వింత: బుడగలెత్తి ఉబ్బింది. ఎత్తు పెరిగిందని రాశాను! పొట్టులో పొటాషియం ఎక్కువ, పైగా పీకినప్పుడు బుడ్డలకంటిన ఎర్రమన్ను ఒక్కో చేనిది ఒక్కో తీరు. రెండు లోడ్లు ఒకేలా కరిగితే ఆశ్చర్యపోవాలి.

అప్పట్నుంచీ నా రిపోర్టు ప్రింటు తీయగానే ఆయన పెన్ను తీస్తాడు. "వాలినది", "ఉబ్బినది" అని రాయడానికి నా ఫారంలో గడి లేదు. మార్జిన్‌లోనే రాస్తాడు.