ఆటగాడున్నాడు, జట్టేదీ?

సందేశ్ జింగన్ చండీగఢ్ కుర్రాడు. ఫుట్‌బాల్‌లో సెంటర్ బ్యాక్. ఇతగాడు ఆడిన క్లబ్బుల జాబితా చూసి, నిలకడ లేని మనిషని ముక్కున వేలేసుకునే పెద్దలు మన దేశంలో చాలామంది ఉన్నారు. తొందరపడకండి. ముందు ఆ క్లబ్బులు ఇప్పుడెక్కడున్నాయో వాకబు చేయండి.

మొదట సిక్కిం. బైచుంగ్ భుటియా పెట్టిన యునైటెడ్ సిక్కిం 2012లో ఐ-లీగ్‌లోకి ఎక్కింది, 2013లో దిగింది. మళ్లీ ఎక్కితే ఒట్టు. తర్వాత షిల్లాంగ్. అక్కడి రంగ్‌దజీద్ యునైటెడ్ ఐ-లీగ్‌లో ఒకే ఒక్క సీజన్ ఆడి మాయమైంది. ఆపైన స్పోర్టింగ్ గోవా. అది 2016లో ఫుట్‌బాల్ ఫెడరేషన్ మీద అలిగి లీగ్ నుంచి లేచిపోయింది. పుణెకు వెళ్తే డీఎస్‌కే శివాజియన్స్. రెండు సీజన్లు ముగిసేసరికి దుకాణం సర్దేసింది. గుమాస్తాను శ్రీకాకుళం నుంచి చిత్తూరుకు బదిలీ చేసినా పాత ఆఫీసు పాతచోటే ఉంటుంది, కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. భారత ఫుట్‌బాల్‌లో ఉద్యోగి బదిలీ అయ్యాక ఆఫీసు పునాదులు కూడా దొరకవు. గోల్‌పోస్టును కాపాడటం డిఫెండర్ పని. క్లబ్బును కాపాడటం ఎవరి పనో ఫెడరేషన్ ఇంతవరకు ఎవరికీ అప్పగించినట్టు లేదు.

అసలు ఇన్ని ఊళ్లెందుకు తిరిగాడంటారా? 2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) అట్టహాసంగా మొదలైంది. అక్టోబరులో ఆరంభం, డిసెంబరులో సమాప్తం. సినిమా తారలు, క్రికెట్ దేవుళ్లు యజమానులు. బాణసంచా బ్రహ్మాండం. అప్పట్లో రెండు నెలల్లో లీగ్ అయిపోయేది కానీ ఆటగాడి ఆకలి అయిపోదు కదా! మిగిలిన నెలల్లో అరువు మీద ఐ-లీగ్ జట్లకు ఆడుకోవాల్సి వచ్చేది. జింగన్ కేరళ బ్లాస్టర్స్ ఆటగాడిగా ఉంటూనే గోవాకు, పుణెకు, బెంగళూరుకు అరువు వెళ్లింది ఇందుకే. ఒక దేశానికి ఒకే ఏడాది రెండు లీగులు నడిపించి, రెండింటికీ ఆదరణ లేదని కమిటీలు వేయడం మన పెద్దలకే చెల్లింది.

2020లో అతను వెళ్లిపోతే బ్లాస్టర్స్ వాళ్లు 21వ నంబరు జెర్సీకి రిటైర్మెంట్ ఇచ్చారు. మనిషికి బదిలీ, చొక్కాకు పింఛను.

2021లో క్రొయేషియాకు చెందిన షిబెనిక్ క్లబ్బు అతన్ని తీసుకుంది. మన దగ్గర పండగే పండగ. ప్రాక్టీసులో గాయపడి, ఒక్క మ్యాచ్ ఆడకుండానే మరుసటి జనవరికల్లా తిరిగొచ్చాడు. గాయం ఎవరికైనా అవుతుంది, అతన్ని అనేదేమీ లేదు. నవ్వాల్సింది మనల్ని చూసి. నలభై లక్షల జనాభా కూడా లేని క్రొయేషియా 2018 ప్రపంచకప్ ఫైనల్ ఆడింది. నూట నలభై కోట్ల మందిమి అక్కడి చిన్న ఊరి క్లబ్బులో మనవాడికి చోటు దొరికిందని మిఠాయిలు పంచుకున్నాం.

పొగడ్తలే కాదు, అతనికి అక్షింతలూ పడాలి. 2022 ఫిబ్రవరిలో బ్లాస్టర్స్‌తో డ్రా అయ్యాక, ఆడవాళ్లతో మ్యాచ్ ఆడామని నోరు జారాడు. ఆనక క్షమాపణ చెప్పాడు. కాలం ఊరుకుంటుందా? 2025 జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి 2026 మహిళల ఆసియా కప్‌కు అర్హత సాధించారు. నిజామాబాద్ జిల్లా పిల్ల గుగులోత్ సౌమ్య ఆడే జట్టది. మగ మహారాజులు బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడి, 2027 ఆసియా కప్‌కు బయటే నిలబడ్డారు.

2025లోనైతే తిరగడానికి క్లబ్బులే కాదు, లీగ్ కూడా కరువైంది. 2010లో ఫెడరేషన్ పదిహేనేళ్లకు ఏడు వందల కోట్లకు వాణిజ్య హక్కులు రాసిచ్చింది. ఆ గడువు 2025 డిసెంబరులో తీరుతుందని సంతకం చేసిన రోజే తెలుసు. అయినా పదిహేనేళ్లు తీరిగ్గా కూర్చుని, గడువు ముంచుకొచ్చాక టెండరు పిలిచారు. ఒక్క బిడ్డూ రాలేదు. ఈలోగా, ఆగస్టులోనే, జింగన్ ఒకప్పుడు ఆడిన బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాళ్ల జీతాలు నిలిపేసింది. ఫెడరేషన్ మాత్రం సమావేశం మీద సమావేశం పెట్టి చాయ్ బిస్కెట్ల లోటు రానివ్వలేదు.

మనకెందుకులే ఈ గొడవ అనుకునే హైదరాబాదీ సోదరులకు ఒక మాట. ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ పుట్టిన ఊరు మనది. 1962 ఆసియా క్రీడల స్వర్ణం ఆయన చలవే. 2019లో పుణె ఐఎస్ఎల్ జట్టు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022లో ఐఎస్ఎల్ చాంపియన్ అయింది. ఆ వెంటనే జీతాల బకాయిలు, ఫిఫా ఆంక్షలు. 2025లో ఆటగాళ్లనో కోచ్‌నో కాదు, ఏకంగా జట్టునే ఢిల్లీకి తరలించారు. పేరు కూడా మార్చేశారు. కాబట్టి మీ జట్టు మ్యాచ్ చూద్దామని గచ్చిబౌలి వెళ్లకండి. ఢిల్లీ రైలుకు టికెట్ కొనుక్కోండి. రిటర్న్ టికెట్ మాత్రం ఇప్పుడే బుక్ చేయొద్దు, మీరు చేరేలోపు జట్టు ఇంకే ఊరికి బయల్దేరుతుందో ఫెడరేషన్‌కే తెలియదు.