అరికాలి ఇంజనీరు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య ఏ గృహప్రవేశానికి వెళ్లినా ఒకాయన తగులుతాడు. పాలు పొంగేటప్పుడు అందరూ గిన్నె వంక చూస్తుంటే ఆయన మాత్రం నేల వంక చూస్తుంటాడు. పొయ్యి దాటి కిందపడ్డ నాలుగు చుక్కలు ఎటు పారాయో కనిపెట్టి, ఇంటాయన చెవిలో మెల్లగా ఊదుతాడు: "వాటం ఆగ్నేయానికి పోతున్నది. ఈశాన్యానికి రావాలె గదా?" ఇక ఆ పూట ఇంటాయనకు భోజనం సయించదు. ఈయన మటుకు రెండోసారి పప్పు వేయించుకుని తిని, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి టైల్స్ మీద టకటకా కొట్టుకుంటూ గది గదికీ తిరుగుతాడు. డొల్ల చప్పుడు వచ్చిన చోట ఆగి కళ్లు మూసుకుంటాడు. "దీని కింద మాలు సరిగ్గ పడలేదు" అన్న తీర్పు వెలువడ్డాకే తాంబూలం తీసుకుంటాడు.

పేరు చెప్పను. చెప్పకపోయినా ఒక్కో ఊరి నుంచి నలుగురు ఫోన్ చేసి "నన్నే అన్నవు" అంటారు. మనం చెప్పుకునే ఆయన పుట్టింది మిర్యాలగూడ, దుకాణం సూర్యాపేటలో, తోట కోదాడ దగ్గర. మూడు ఊళ్లలోనూ మేస్త్రీలు ఆయన్ని లెవెల్ సారు అంటారు, అదీ ఆయన లేనప్పుడు. హైవే మీద హోటల్లో టిఫిన్‌కు కూర్చుంటే ముందు బల్ల ఊగుతుందో లేదో చూస్తాడు. ఊగితే బిల్లు మడిచి కాలు కింద పెడతాడు. తర్వాత బిల్లేదని క్యాషియర్ అడిగితే బల్ల కిందికి చూపిస్తాడు.

శివరాత్రికి ఇంటిల్లిపాదీ పిల్లలమర్రి వెళ్లారు. కాకతీయుల కాలంలో, 1208లో కట్టించిన ఎరకేశ్వరాలయం అది. జనం నున్నటి నల్లరాతి స్తంభాల్లో ముఖం చూసుకుని మురుస్తుంటే, ఈయన మండపంలో బండ బండకూ అరికాలు ఆనిస్తూ నడిచాడు. ఎనిమిది వందల ఏళ్లు దాటిన నేల కదా, ఎక్కడో ఒకచోట బొటనవేలు తగిలింది. "అప్పుడు గూడ మేస్త్రీలు గింతే" అన్నాడు, ఎవరో చుట్టమొచ్చినంత సంతోషంగా. వెనక క్యూలో ఉన్న ముసలమ్మ "నాయనా, దేవుడు కింద లేడు, ఎదురుంగ ఉన్నడు" అని గుర్తు చేసింది.

అలాంటి మనిషి తోటలో ఈతకొలను కట్టించాలనుకోవడమే సాహసం. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు నిండిన జిల్లా మనది. మామూలుగా ఎవరైనా గుంత తవ్వి, కాంక్రీటు పోసి, నీలం టైల్స్ అంటిస్తారు. ఈయన టైల్స్ వద్దన్నాడు. "టైలంటే జాయింటు, జాయింటంటే ఎత్తుపల్లం" అన్నది ఆయన సిద్ధాంతం. న్యూజెర్సీలో కూతురింట్లో వినైల్ కొలను చూసొచ్చాడు. కొలను ఆకారానికి కుట్టించిన చొక్కాలాగా నీలిరంగు ప్లాస్టిక్ షీటు తొడుగుతారు. అతుకులుంటాయి గానీ ఫ్యాక్టరీలోనే వేడితో అతికించి పంపుతారు. అరికాలికి అడ్డమొచ్చేది ఏదీ ఉండదని ఆయన లెక్క.

ఆ లెక్కలో ఒకటే పొరపాటు. షీటు మందం ముప్పావు మిల్లీమీటరుకు అటూ ఇటూ. కింద ఏముంటే పైన అదే తెలుస్తుంది. అందుకే అడుగున వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజాన్ని సిమెంటులో కలిపి, తాపీతో నున్నగా రుద్దుతారు. నలభై ఏళ్లుగా తాపీ పట్టిన చెయ్యి అయినా సరే, మనిషి చెయ్యే కదా. తాపీ ఆగిన చోట చిన్న గీత, మోకాలు ఆనిన చోట చిన్న గుంట, ఊడ్చినా మిగిలిపోయిన ఇసుక రేణువు. ఇవేవీ లేని వినైల్ కొలను కేటలాగులోనే ఉంటుంది.

హైదరాబాద్ నుంచి ఫిట్టర్లు వచ్చారు. షీటు పరిచి, అంచులు బిగించి, వెనక గాలిని మోటారుతో లాగేశారు. షీటు గోడకు అతుక్కుంది. ముడతలు సరిచేసుకోవాలంటే నీళ్లు అరడుగున ఉన్నప్పుడే, వట్టి కాళ్లతో నెట్టుకుంటూ సరిచేసుకోవాలి. ఆ సమయానికి మన సారు వీడియో కాల్లో న్యూజెర్సీకి కొలను చూపిస్తున్నాడు. కాల్ అయ్యేసరికి నీళ్లు మోకాలు దాటాయి. ముప్పై అడుగుల పొడవు, పదిహేను వెడల్పు, నాలుగడుగుల నీళ్లు అంటే సుమారు యాభై టన్నుల బరువు. ఆ బరువు కింద ముడత మీద ఎన్ని కాళ్లు తొక్కినా ఏం కదులుతుంది?

మొదటి స్నానంలోనే కేక వినిపించింది. పామేమోనని జీతగాడు కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"కంది గింజంత ఉన్నది, ఎడమ కాలు కింద!"

ఫిట్టర్ ఒడ్డున నిలబడి "ఏం గాదు సారూ, నీళ్ల బరువుకు అదే సర్దుకుంటది" అన్నాడు.

"ఎప్పటిదాకా?"

"మీరు దాని మీద నిలబడుడు మానేదాకా."

ఆ ఫిట్టర్‌ను మళ్లీ పిలవలేదు.

రాత్రి పూట కొలనులో దీపం వేశాక కథ ముదిరింది. దీపం గోడలో ఉంటుంది, వెలుగు అడుగును రాసుకుంటూ అడ్డంగా పోతుంది. పొద్దుగూకే వేళ చిన్న రాయి నీడ ఎంత పొడుగు సాగుతుందో, ఇక్కడా అంతే. పగలు కంది గింజ, రాత్రికి గుట్ట. సారు ఒడ్డున కుర్చీ వేసుకుని పన్నెండింటి దాకా ఆ గుట్టలు లెక్కపెట్టాడు. ఇంటావిడ వచ్చి దీపం ఆర్పేసి "ఇప్పుడున్నయా?" అంది.

ముడతను రబ్బరు గుబ్బతో లాగొచ్చని ఎవరో చెప్పారు. నిజమే, కొందరు అలా చేస్తారు. బాత్రూములో నీళ్లు నిలిస్తే కొట్టే ఆ గుబ్బనే కొత్తది కొనుక్కొచ్చి, పీకల్లోతున కూర్చుని, లాగడం మొదలుపెట్టాడు. ఒక్కో లాగుకూ ముడత రెండంగుళాలు జరిగింది. మూడు రోజులు జరిపి జరిపి, మెట్ల దగ్గరి ముడతను నడిమధ్యకు చేర్చాడు. ఇదివరకు మెట్లు దిగేవాళ్లకే తెలిసేది.

బొడిపెలది ఇంకో తంటా. కాలికి దొరికినది కంటికి దొరకదు. నాలుగడుగుల నీళ్లు పైనుంచి చూస్తే మూడడుగులే అనిపిస్తాయి. ఆ చోటనుకుని వంగితే వేలు ఎక్కడో పడుతుంది. అందుకని దొరికిన ప్రతి బొడిపె మీదా ఒక రూపాయి బిళ్ల వేశాడు. పైనుంచి చూస్తే ఆకాశంలో చుక్కల్లా ఉన్నాయని ఫోటో తీసి కాంట్రాక్టరుకు పంపాడు. ఆదివారం చుట్టాల పిల్లలు వచ్చారు. కొలను అడుగున డబ్బులు! పావుగంటలో మొత్తం ఏరి, తోట ముందు ఆగిన ఐస్ బండి మీద ఖర్చు పెట్టేశారు.

"ఒక్కటన్న ఉంచలేదేమిరా!" అని గింజుకుంటుంటే, మనవడు ఐస్ చీకుతూ "తాతా, మళ్లీ ఎప్పుడేస్తవ్?" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి బయటపెట్టాలి. సారుకు ఈత రాదు. పిల్లలు ఈ చివర దూకి ఆ చివర తేలతారు. అడుగు ఎలా ఉందో వాళ్లకు తెలియనే తెలియదు. ఈదేవాడికి కాళ్లు వెనకాల ఉంటాయి. కొలనంతా నడిచి తిరిగేది ఈయనొక్కడే. ఈత నేర్చుకోమని అల్లుడు చెప్పి చూశాడు. "నేర్చుకుంట గనీ, ముందు అడుగు సాపయితే" అన్నాడు సారు.

చివరికి నీళ్లన్నీ తోడేసి, షీటు ఎత్తి, కింద మళ్లీ రుద్దించాలని నిశ్చయించుకున్నాడు. ఆగస్టు నెల. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారు. ఆయకట్టు పొలాల నడుమ తోట. కాలువ పారితే బావిలో నీళ్లు పైకొస్తాయి, నేలంతా ఊరుతుంది. పైన యాభై టన్నులు నొక్కిపట్టినంత కాలం షీటు కదలదు. ఆ బరువు తీసేస్తే కింది ఊట దాన్ని లేపుతుంది, ఎండకు ఆరితే ముడుచుకుపోతుంది, మళ్లీ పాత కొలతకు రాదు. ఈ మాట ఇంజనీరు చెబితే నమ్మలేదు గానీ, పక్క పొలం రైతు "నా మడిల గట్టు మీదికే ఊట వస్తున్నది, నువ్వు గుంత ఖాళీ చేస్తవా?" అని నవ్వితే మోటారు ఆపేశాడు.

అప్పుడే మిర్యాలగూడ నుంచి బావమరిది వచ్చాడు. రైస్ మిల్లు ఆయనది, బతుకంతా వడ్లు ఆరబోసే కల్లం మీదే. వానొస్తే నీళ్లు నిలవకుండా కల్లానికి వాటం పెట్టించడంలో మొనగాడు. లుంగీ ఎగ్గట్టి కొలనులోకి దిగి, మాట్లాడకుండా ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాడు. సారు ఊపిరి బిగబట్టి వెంట నడిచాడు.

"బావా, ఇగో, ఇక్కడొకటున్నది."

సారు కాలు పెట్టి చూశాడు. నిజమే. ఇన్నాళ్లూ తనకు దొరకనిది. ముఖం వెలిగిపోయింది.

"నేనొక్కణ్ణే అంటున్నననుకున్న."

"అక్కడ గూడ చూసిన. గుంటలెక్క ఉన్నది."

"చూసినవా! మీ అక్క వినదు."

ఒడ్డు మీద నుంచి ఇంటావిడ అన్నం చల్లారుతోందని మూడోసారి పిలిచింది. ఇద్దరూ వినలేదు. వచ్చే ఆదివారం రసమట్టం పట్టుకుని మిర్యాలగూడ మిల్లుకు రమ్మని, కల్లం పడమటి మూల తనకూ ఎప్పట్నుంచో అనుమానంగా ఉందని బావమరిది చెబుతున్నాడు. సారు నీళ్లలోంచే ఫోన్ తెమ్మని కేక వేశాడు, ఆ ఆదివారానికి ఒప్పుకున్న గృహప్రవేశం ఒకటి రద్దు చేసుకోవడానికి.