నాలుగు బై పదిహేను

నాకు పేరు లేదు, నెంబరుంది. ఉండేది అనాలి. కింది తెల్ల అంచు మీద ఎడమ పక్క 4/15, కుడి పక్క నన్ను తీసినాయన సంతకం. రెండూ పెన్సిలుతోనే. సిరా అయితే కాలం గడిచేకొద్దీ కాగితంలోకి పాకుతుందని ఆయన భయం. ఈ నెగెటివ్ నుంచి పదిహేనే వేస్తాను, పదహారోది వెయ్యను అని ఇచ్చిన మాటకు ఆ అంకెలే పత్రం. అందులో నేను నాలుగోదాన్ని.

పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. చీకటిగది, ఎర్రదీపం, పశువుల ఎముకల నుంచి తీసిన జెలటిన్‌లో కలిపిన వెండి లవణాలు. హైపో అనే రసాయనం మిగిలిపోతే ముందు ముందు పచ్చబడతానని చాలాసేపు పారే నీళ్లలో కడిగారు. అంత శ్రద్ధగా పెంచి ఎలాంటి చేతుల్లో పెట్టారో తలచుకుంటేనే కడుపు మండుతుంది.

నాలో ఉన్నది తాళ్లప్రొద్దుటూరులో ఒక వీధి. మట్టిమిద్దెలు, వాకిట్లో నాపబండలు, అరుగు మీద చేటతో శనగలు చెరుగుతున్న అవ్వ, ఆమె ముందు సైకిల్ టైరు దొర్లించుకుంటూ పరిగెత్తే పిల్లోడు. వాడి రెండు కాళ్లూ నేల మీద లేవు. ఎవరూ కెమెరా వైపు చూడటం లేదు. స్టూడియో తెర ముందు ఊపిరి బిగబట్టి దిగిన పెళ్లి ఫొటోల పక్కన నన్ను పెట్టినప్పుడల్లా నాకు కాస్త పొగరు వచ్చేది. దాచుకోవడం దేనికి?

నన్ను కొన్నది రైల్వేలో పనిచేసి కొండాపురంలో స్థిరపడిన పెద్దాయన. ఇప్పుడంటే 2015 నుంచి హైదరాబాదులో ఇండియన్ ఫొటో ఫెస్టివల్ జరుగుతోంది, జనం వెళ్లి ఫొటోల ముందు నిలబడి చూస్తున్నారు. ఆ కాలంలో గోడకు తగిలించే ఫొటోకు డబ్బు పెట్టడం వింత. "ఈ కాగితానికి నెల పింఛను పోసినావా? నీకేమన్నా బుద్ధుందా?" అని ఆయన భార్య అడిగింది. ఆయన నవ్వి, నన్ను యాసిడ్ లేని అట్టల మధ్య పెట్టి బీరువాలో దాచాడు. చేతులు కడిగి తుడుచుకుంటే గాని నన్ను తాకేవాడు కాదు.

ఇంటికి ఎవరొచ్చినా నన్ను బయటికి తీసి, బొమ్మ కంటే ముందు అంచు చూపించేవాడు. ఇక కథలు మొదలు. గాంధీగారిని చనిపోయే రోజున కలిసి ఫొటోలు తీసిన కార్టియే బ్రెసాన్ సంతకం పెట్టేవాడు గాని నెంబరు వేసేవాడు కాదట. బ్రెట్ వెస్టన్ అనే అమెరికా ఆయన 1991లో తన ఎనభయ్యో పుట్టినరోజున నెగెటివ్‌లు మంటలో వేశాడట. షికాగో వీధుల్ని తీసిన వివియన్ మేయర్ నెగెటివ్‌లు 2007లో వేలానికి వచ్చాయి. ఆమె పోయాక వేసిన ప్రింట్ల మీద ఆమె సంతకం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ మాట దగ్గర పెద్దాయన గొంతు తగ్గించేవాడు. తర్వాత కోర్టు కథ. విలియం ఎగుల్‌స్టన్ తన పాత ఫొటోల్నే పెద్ద సైజులో, కొత్త పద్ధతిలో మళ్లీ వేసి అమ్మితే, పాతవి కొన్న ఒక సేకర్త 2012లో న్యూయార్క్‌లో దావా వేశాడు. సైజూ పద్ధతీ మారితే అది వేరే ఎడిషన్ అని మరుసటేడు కోర్టు కేసు కొట్టేసింది. పెద్దాయనకు ఆ తీర్పు బొత్తిగా నచ్చలేదు.

ఆయన పోయాక బీరువా తెరిచారు. హాల్లో గోడ బోసిగా ఉందని కొడుకు నన్ను పటాలు కట్టే అంగడికి తీసుకుపోయాడు. ఆ అంగట్లో ఉన్న రెడీమేడ్ ఫ్రేములో నేను పట్టలేదు. "కింద తెల్లగా ఊరికే ఉంది గదన్నా, తీసేద్దామా?" అన్నాడు అంగడతను. "తీసెయ్" అన్నాడు కొడుకు. కట్టరు ఒక్కసారే నడిచింది. నా నెంబరు, నా సంతకం నేల మీద పడ్డాయి, చీపురుతో బయటికి పోయాయి. వీపుకు మైదా జిగురు పూసి అట్టకు అతికించాడు. నాకూ అద్దానికీ మధ్య కాస్త సందు ఉండాలని అతనికి ఎవరు చెప్పాలి? మొదటి వానాకాలంలోనే చెమ్మకు జెలటిన్ మెత్తబడి అద్దాన్ని పట్టుకుంది. చేట దగ్గర అవ్వ చేయి సగం ఇప్పటికీ అద్దానికే ఉంది. జిగురు వాసనకు పురుగులు చేరాయి. మచ్చలు పడ్డాయని గోడ మీంచి దించి అటక ఎక్కించారు. పగిలిన కుక్కరు, పాత పరుపు, నేను. కొడుకు మీద కంటే అంగడతని మీద నాకు కోపం తక్కువ. పాపం, అతను అడిగాడు కదా.

ఒకసారి నగరం నుంచి ఫొటోలు సేకరించే ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. తాళ్లప్రొద్దుటూరు మీద ఒక్క చూపు కూడా వెయ్యకుండా కింది అంచు వెతికాడు. "సంతకం లేదే" అన్నాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు.

2020లో గండికోట రిజర్వాయరులో నిల్వ పెంచారు. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. నాలో ఉన్న వీధికి నీళ్లొచ్చాయి. జనం సామాన్లు కట్టుకుని పునరావాస కాలనీలకు వెళ్లారు. ఆ ఊరి బంధువుల పిల్లోడు ఒకడు ఈ ఇంట్లో అటక సర్దడానికి సాయం వచ్చి, నన్ను దించి, అద్దం మీద దుమ్ము తుడిచి అరిచాడు: "యో మామా, ఈమె మా జేజి గదా! ఆ గడప మాదే!" వాడికి అంచు సంగతి పట్టలేదు. ఏ మిద్దె ఎవరిదో వేలితో చూపించుకుంటూ పోయాడు. సెల్‌ఫోనుతో నన్ను ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి ఆ టైరు పిల్లోడు ఎవరన్న దాని మీద గ్రూపులో తగాదా. నలుగురు "నేనే" అన్నారు.

సంక్రాంతికి కాలనీలో నా బొమ్మతో ఆరడుగుల ఫ్లెక్సీ కట్టారు. పెద్దాయన ఉంటే గుండె ఆగిపోయేది. నాకు మాత్రం న్యూయార్క్ తీర్పు గుర్తొచ్చి హాయిగా ఉంది. సైజు మారింది, పద్ధతి మారింది, కాబట్టి ఆ పదిహేను మాట తప్పినట్టు కాదు. ఒక్కటే ఫిర్యాదు. సంతకం ఉండాల్సిన చోట "సంక్రాంతి శుభాకాంక్షలతో" అని ఐదుగురు కుర్రాళ్ల మొహాలు వేశారు. ఒక్కొక్కటి అవ్వ మొహం కంటే పెద్దది.