ప్రవేశభంగ శాస్త్రం: భద్రాచల ఖండం

కంప్యూటర్ రోగాలు రెండు జాతులు. అసలు వెలగనిది ఒకటి, వెలిగి కూడా లోపలికి రానివ్వనిది ఇంకొకటి. మొదటిదానికి శాస్త్రం అక్కర్లేదు. ప్లగ్గు కదిపి, యూపీఎస్ మీద ఒకటి చరిచి, కరెంటు వాళ్లను నాలుగు మాటలంటే సగం కేసులు నయమవుతాయి. మా విషయం రెండోది. తెర వెలుగుతుంది. పేరు చూపిస్తుంది. పాస్‌వర్డు అడుగుతుంది, కొడితే తప్పని అనదు, పైగా స్వాగతం పలుకుతుంది. ఆ తర్వాత చుక్కల చక్రం తిరుగుతూనే ఉంటుంది. లేదంటే తెర ఒక్క లిప్త నల్లబడి, మన మొహం ఎన్నడూ చూడనట్టు మళ్లీ పాస్‌వర్డు అడుగుతుంది. ఈ రెండు అవస్థలనూ కలిపి ప్రవేశభంగం అంటున్నాం.

దీనికి ప్రతిలోమం నిష్క్రమణభంగం, అంటే లోపలికి పోయినవాడు బయటికి రాలేకపోవడం. అది మా పరిధిలోకి రాదు. దాని మీద ఈ ప్రాంతం కావలసినంత సాహిత్యం ఇచ్చేసింది. పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్న గోల్కొండలో పన్నెండేళ్లు లాగౌట్ కాలేక కీర్తనలు కట్టాడు. చివరికి రామోజీ, లక్ష్మోజీ అని ఇద్దరు ఏ గుర్తింపు కార్డూ చూపకుండా అర్ధరాత్రి తానీషా పడకగదిలో ప్రత్యక్షమై, ఆరు లక్షలు కుప్పపోసి రసీదు పట్టుకుపోయారని కథ. పాస్‌వర్డు లేని ప్రవేశానికి తెలుగునాట ఇంతకన్నా గట్టి ప్రమాణం దొరకదు. పర్ణశాల దగ్గరి లక్ష్మణరేఖను ఫైర్‌వాల్‌తో పోల్చే ఉపన్యాసాలు ఇప్పటికే చెవులు నిండా విన్నాం గనక ఆ జోలికి పోవడం లేదు.

ఈ శాస్త్రం హైదరాబాద్‌లో ఎందుకు పుట్టలేదంటే, అక్కడ ఒక కంప్యూటర్ ఆగితే పక్కదాని ముందు కూర్చుంటారు. ఖమ్మం మిర్చి యార్డు, కొత్తగూడెం బొగ్గు, పాల్వంచ పొగగొట్టాలు, సారపాక కాగితం మిల్లు దాటి, గోదావరి వంతెన ఎక్కి దిగితే భద్రాచలం. అక్కణ్నుంచి దుమ్ముగూడెం, చర్ల దాకా అడవి అంచు. చర్ల అవతలి గూడెం నుంచి కుల ధ్రువపత్రం కోసం పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషికి నెట్ సెంటర్‌లో యంత్రం ఆగితే ఆ రోజు ఆగినట్టే.

"ఏంది తమ్ముడూ, ఇంకా తెరుచుకోలేదా?"

"సర్వర్ డౌన్ పెద్దయ్యా. టీ తాగి రండి."

ఇందులో సర్వర్ పాపం ఏమీ లేదు. సర్వర్ ఎక్కడో చల్లగా పని చేసుకుంటూనే ఉంది. ఆగింది ఈ బల్ల మీది పెట్టె. కానీ కనబడని దోషి మీదికి నెట్టేస్తే ఎదుటనున్న పెట్టె పరువు దక్కుతుంది. వైద్యశాస్త్రంలో గాలి సోకిందనే నిదానానికి ఎంత గౌరవం ఉండేదో, మన శాస్త్రంలో సర్వర్ డౌన్ అనేదానికి అంత గౌరవం ఉంది.

గోదావరికి ఇక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడూ ఆ క్రమంలోనే చెప్పి వచ్చింది. ప్రవేశభంగానికీ కొలత కావాలని పెద్దలు ఆపరేటర్ ముఖాన్నే కొలబద్దగా పెట్టుకున్నారు. ఎంటర్ కీ ఒకసారి గట్టిగా కొడితే మొదటి హెచ్చరిక. మౌస్‌ను తలకిందులు చేసి చూస్తే రెండోది. కుర్చీ వెనక్కి జరిపి ఫోన్ తీశాడంటే మూడోది. అప్పుడిక లోతట్టు ప్రాంతాల వారు వేరే నెట్ సెంటర్‌కు తరలిపోవాలి.

పాస్‌వర్డు సనాతనమేమీ కాదు, ఇంచుమించు భద్రాచలం వంతెన ఈడుది. ఆ వంతెనను 1965 జూలైలో రాష్ట్రపతి రాధాకృష్ణన్ తెరిచారు. ఆ దశకం మొదట్లోనే అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం, ఒకే యంత్రాన్ని పలువురు పంచుకోవాల్సి వచ్చి మనిషికో పాస్‌వర్డు పెట్టింది. కొన్నేళ్లకే అక్కడ రెండు ఫైళ్లు తారుమారై, లాగిన్ అయిన ప్రతివాడికీ ఆనాటి ప్రకటన బదులు అందరి పాస్‌వర్డులూ వరసగా అచ్చయి వచ్చాయి. మానిటర్ అంచున సెల్లోటేపుతో అంటించిన చీటీ ఆ సంప్రదాయంలోదే. దాన్ని వెక్కిరించకూడదు. అసలు ఓనర్ ఊళ్లో లేనప్పుడు దుకాణం నడిచేది ఆ చీటీ మీదే.

ఇక నిదానం. ముందు బాహ్య పరీక్ష. నెట్ సెంటర్ కీబోర్డు మీద ఏ, ఎస్, ఈ అక్షరాలు అరిగి మాయమై ఉంటాయి. ఎంటర్ మీద నిరుటి దసరా కుంకుమబొట్టు ఎండి ఉంటుంది. క్యాప్స్ లాక్ దీపం చూడాలి. కీబోర్డుకు అసలు దీపమే లేకపోతే తెర మీద హెచ్చరిక ఉందేమో చూడాలి. ఆపైన కుడివైపు కింది మూల. అక్కడ భాష తెలుగుకు మారిపోయి ఉంటే మనం కొట్టే ఇంగ్లిషు పాస్‌వర్డు తెలుగు గుణింతాలుగా లోపలికి పోతుంటుంది. బయటికి మాత్రం చుక్కలే. తెలుగు ఎంత ఘోరంగా రాసినా చుక్కలుగానే కనబడే స్థలం లోకంలో ఇదొక్కటే గనక కొందరు కవులు దీన్ని ఇష్టపడవచ్చు.

వేలిముద్రతో తెరుచుకునేవాటి సంగతి వేరు. వేసవిలో తునికాకు కోసి కట్టలు కట్టిన చేతులు, యార్డులో తేజ మిర్చి తొడిమలు తీసిన చేతులు, ఈ రెంటికీ బొటనవేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రానికి నున్నటి వేలే కావాలి. పని చేసిన వేలు దానికి అనుమానాస్పదం. "వేలు తలకు రుద్దుకుని పెట్టమ్మా" అంటాడు కుర్రాడు. తల నూనె అంటి గీతలు తేలతాయని వాడి నమ్మకం. మళ్లీ పెడితే ఒక్కోసారి నిజంగానే పచ్చ దీపం వెలుగుతుంది, శాస్త్రం అక్కడ మౌనం వహిస్తుంది.

తర్వాత కాల పరీక్ష. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, పేరు సీఆర్2032. కరెంటు లేనప్పుడు గడియారాన్ని మోసేది అదే. కొన్నేళ్లకు అది చచ్చిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ యంత్రం తన పుట్టిన ఏడుకు వెళ్లి కూర్చుంటుంది. అప్పుడు సైట్లన్నీ దానికి దొంగల్లా కనబడతాయి. వాటి భద్రతా పత్రాల మీద తేదీ ఇంకా రాని కాలానిది గదా. పెద్ద సర్వర్ కింద నడిచే ఆఫీసు యంత్రాలకైతే రెండు గడియారాల మధ్య ఐదు నిమిషాలు మించి తేడా ఉంటే పాస్‌వర్డు ఎంత నిక్కమైనదైనా రానివ్వకపోవడం మామూలు ఏర్పాటు. బ్యాటరీ చచ్చి 2009లో లేచిన యంత్రానికి రాష్ట్రం విడిపోయిందని తెలియదు. సెల్ కంపెనీలకూ తెలియనట్టే ఉంది, టెలికం లెక్కల్లో రెండు రాష్ట్రాలూ ఇప్పటికీ ఒకటే సర్కిల్. ఉమ్మడి రాష్ట్రాన్ని నేటికీ నిష్ఠగా నడుపుతున్నవి ఈ రెండే.

ఇప్పుడు సిద్ధాంత భాగం. పామరులు, మెకానిక్కులు, ఇంగ్లిషు మీడియం చదివినవారు ఏకకంఠంగా అనేది ఏమంటే, లోపలికి రానివ్వలేదంటే పాస్‌వర్డు తప్పు అని. ఇది పూర్వపక్షం. పాస్‌వర్డు తప్పయితే యంత్రం ఆ ముక్క మొహం మీదే చెబుతుంది. స్వాగతమని చెప్పి ఆగిపోయిందంటే, మనమెవరో దానికి బాగా తెలుసు. మనల్ని కూర్చోబెట్టడానికి చోటు లేదు, అంతే. చాలా ప్రవేశభంగాలు గుర్తింపు దగ్గర జరగవు. గుర్తుపట్టిన తర్వాత జరుగుతాయి.

ఉదాహరణకు లినక్స్ యంత్రం. డిస్కు నిండా పెళ్లి వీడియోలు, ముక్కోటి తెప్పోత్సవం వీడియోలు, స్కాన్ చేసిన ఆధార్ కార్డులు కిక్కిరిసి ఉంటే పాస్‌వర్డు ఒప్పుకున్నాక ఒక చిన్న ఫైలు రాసుకోడానికి కూడా జాగా దొరకదు. తెర మూసుకుని మళ్లీ మొదటికి వస్తుంది. తమాషా ఏమంటే, డిస్కు నిండినట్టు కనబడినా నూటికి ఐదు వంతులు రూట్ అనే దొరగారి కోసం తీసి పెట్టి ఉంచడం అక్కడి ఆనవాయితీ. రైతుకు జాగా లేకపోయినా దొర వస్తే కుర్చీ పడుతుంది. ఇక్కడ కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కాలి. బొమ్మలూ మౌసూ లేని నల్ల తెర వస్తుంది. పెద్ద గుమ్మం దగ్గర వెనక్కి పంపిన యంత్రమే ఈ పెరటి గుమ్మం దగ్గర అదే పాస్‌వర్డుకు తలుపు తీస్తుంది. పనికిరాని వీడియోలు కొన్ని తీసేసి బయటికి వస్తే చాలు.

రెండో కారణం ఇంకా రుచికరం. ఎవరో దొర అధికారంతో ఏదో పని చేయిస్తారు. ఆ సందట్లో మన ఇంట్లోనే ఉండే ఒక చిన్న ఫైలు యాజమాన్యం చప్పుడు లేకుండా దొర పేరుకు మారిపోతుంది. ఇల్లు మనదే, పేరు మనదే, తాళంచెవి మాత్రం ఆయన పేర ఉంటుంది. లాగిన్ అవగానే యంత్రం ఆ ఫైలు కోసం చూసి, ఇది నీది కాదు పొమ్మంటుంది. చౌన్ అనే ఆజ్ఞ ఒక్క వరస టైపు చేస్తే యాజమాన్యం అసలువాడికి తిరిగొస్తుంది. ఈ ఏజెన్సీలో భూమి విషయంలోనూ అలాంటి ఆజ్ఞ ఒకటుంది, వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి పేరుకు భూమి బదిలీ అయితే అది చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడిదే అయి ఉంటుందని ముందే అనుకోవాలి. 1970లో టైపు చేశారు. చక్రం ఇంకా తిరుగుతోంది.

విండోస్‌లో ఇదే రోగం మర్యాదగా వస్తుంది. ప్రొఫైల్ చెడిపోతే తాత్కాలిక ప్రొఫైల్ అని ఒకటిచ్చి లోపలికి రానిస్తుంది. గోడలు కొత్తవి, డెస్క్‌టాప్ ఖాళీ, మన సామాను ఒక్కటీ ఉండదు. అక్కడ కూర్చుని చేసుకున్నదంతా లాగౌట్ కాగానే పోతుంది. పోలవరం ముంపు ఊళ్ల వాళ్లకు ఈ అవస్థను విడమరిచి చెప్పనక్కర్లేదు.

మనిషి ఒకచోట, వాడి ఇల్లు ఇంకోచోట నమోదై ఉండటమనే ఈ దోషానికి భద్రాచలాన్ని మించిన పాఠ్యపుస్తకం లేదు. 1959 దాకా ఇది తూర్పుగోదావరి జిల్లా. ఆ ఏడు ఖమ్మంలో కలిపారు. 2014లో ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చినప్పుడు పట్టణం తెలంగాణలో మిగిలింది. దాన్ని ఒరుసుకుని ఉన్న యటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలు మళ్లీ తూర్పుగోదావరికి చేరాయి. యాభై అయిదేళ్లు వెనక్కి తిప్పే ఈ ప్రక్రియను కంప్యూటర్ భాషలో సిస్టమ్ రిస్టోర్ అంటారు. 2016లో పట్టణం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. 2022లో యటపాక అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఇన్ని మార్పులూ ప్రతి సైటు 'జిల్లా ఎంచుకోండి' జాబితాలోకీ ఒకేసారి ఎక్కుతాయని ఆశించడం భక్తి. ఒక సైటులో ఊరు ఉండి జిల్లా ఉండదు, ఇంకోదాంట్లో జిల్లా ఉండి ఊరు ఉండదు.

సామాన్యుణ్ని వదిలేయండి, రాములవారి సంగతి చూడండి. గుడి తెలంగాణలో ఉంది. మాన్యం వందల ఎకరాలు పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో ఉంది. యూజర్ ఒక యంత్రంలో, హోమ్ ఫోల్డర్ ఇంకో యంత్రంలో. తానీషా గదిలోకి పాస్‌వర్డు లేకుండా పోయినవాడికి సొంత పొలంలోకి పోవడానికి రెండు రాష్ట్రాల కాగితాలు కావాలి.

చికిత్సల్లో సంప్రదాయమైనది ఆపి మళ్లీ వేయడం. అది ఫలించకపోతే డబ్బా విప్పుతారు. ఎర్రమట్టి దుమ్ము, ఎండిన బల్లి గుడ్లు తుడిచి, ర్యామ్ బయటికి లాగి, దాని బంగారు రంగు అంచును స్కూలు పిల్లల రబ్బరుతో రుద్ది తిరిగి గుచ్చుతారు. తేమకు పట్టిన చిలుము పోతుంది గనక ఇది బొత్తిగా మూఢాచారం కాదు, కాకపోతే ఇది అసలు వెలగని జాతికి మందు. అయినా దీన్ని చేయకపోతే మెకానిక్ పని చేసినట్టు చూసేవాళ్లకు అనిపించదు. అసలు మందు సేఫ్ మోడ్. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే దారి దొరుకుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ల ఒక్క అప్‌డేట్‌కు లోకంలో 85 లక్షల విండోస్ యంత్రాలు గడప దగ్గరే కూలినప్పుడు, ఆ మహానగరాల వైద్యులు చేసిందీ ఇదే. సేఫ్ మోడ్‌లోకి దూరి, ఒక ఫైలు తీసేసి, పక్క యంత్రం దగ్గరికి. ఆ పూట హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చారు. మన నెట్ సెంటర్ కుర్రాడు కరెంటు పోగానే లాంగ్ నోట్‌బుక్ తీసి పేర్లు రాసుకోవడం ఎంత ఆధునికమైన పద్ధతో ఆ రోజు రుజువైంది.

"ఫార్మాట్ కొట్టాలన్నా" అనేది చివరి మాట. మొదటి మాట కూడా అదే అయితే మెకానిక్‌ను మార్చాలి. పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ ఎక్కించి ముందు సామాను బయటికి తీసుకోవచ్చని తెలిసినవాడే వైద్యుడు.

దక్షిణ విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. మెకానిక్ వచ్చి కుర్చీలో కూర్చుని, ఇంకా ఏదీ ముట్టుకోకముందే యంత్రం దానంతటదే తెరుచుకుంటే డబ్బు ఇవ్వాలా? వచ్చాడు గనక ఇవ్వాలని ఖమ్మం మతం. టీ, సమోసాతో సరిపెట్టాలని భద్రాచలం మతం. చర్ల మతం ప్రకారం డబ్బుతోపాటు రాత్రి భోజనం, పడకా కూడా చూడాలి, ఎందుకంటే అప్పటికి చివరి బస్సు వెళ్లిపోయి ఉంటుంది.